ఫిలికీ ఎటేరియా నుంచి ఎయోకా దాకా: గ్రీకు రహస్య సంఘాలన్నీ ఒకే గొలుసులోని లంకెలేనా?

ప్రశ్న అడిగిన మిత్రులు పోటీ పరీక్షకు చదువుతున్నట్లు రాశారు. వారి సందేహాలు మూడు. ఫిలికీ ఎటేరియా, ఎథ్నికీ ఎటేరియా, ఎయోకా అనే పేర్లు గైడు పుస్తకంలో ఒకే శీర్షిక కింద ఉన్నాయి కాబట్టి అవి ఒకే సంస్థకు మారుపేర్లా అన్నది మొదటిది. గ్రీసుకు స్వాతంత్ర్యం తెచ్చింది ఆ సంఘాలా, లేక బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలా అన్నది రెండవది. 1821 తిరుగుబాటు ఒక పుస్తకంలో ఫిబ్రవరి 22న, మరొక దానిలో మార్చి 6న మొదలైనట్లు ఎందుకు ఉందన్నది మూడవది.

ముందుగా సూటి సమాధానం చెబుతాను. అవి ఒకే సంస్థ కావు, ఒకదాని నుంచి మరొకటి పుట్టినవీ కావు. మొదటిది 1814లో ఒడెస్సా రేవులో వర్తకులు పెట్టుకున్నది, రెండవది 1894లో ఏథెన్సులో కింది స్థాయి సైనికాధికారులు పెట్టుకున్నది, మూడవది 1955లో సైప్రస్‌లో బ్రిటిష్ పాలనపై ఆయుధం పట్టినది. ఆ సంఘాలు నిప్పు రాజేశాయి, సరిహద్దులను గీసినవి మాత్రం పెద్ద రాజ్యాలే. విమోచన, ఏకీకరణ అనే రెండు లక్ష్యాలనూ విడదీసి చూడకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. పాలకుణ్ని వెళ్లగొట్టడం ఒక పని, ఇతర జనం కూడా నివసిస్తున్న భూమిని తమ రాజ్యంలో కలుపుకోవడం వేరే పని. మొదటి పనికి రహస్య సంఘం కొంతవరకు పనికివచ్చింది, రెండవ పనిలో అది చాలాసార్లు బెడిసికొట్టింది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఇరవై ఏడేళ్లు ఆధునిక ఐరోపా చరిత్ర బోధించిన తరువాత నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది.

పేరు విషయంలో ఒక చిన్న మాట. మన పాఠ్యపుస్తకాల్లో "హెటైరియా ఫిలికే" అని కనిపించేదీ, గ్రీకులు ఫిలికీ ఎటేరియా అని పలికేదీ ఒకటే. మిత్రమండలి అని దాని అర్థం. మా విద్యార్థులు కొందరు ఈ రెంటినీ రెండు సంఘాలుగా భావించి జవాబుపత్రంలో రెండు పేరాలు రాసేవారు.

ఒడెస్సాలోనే ఎందుకు పుట్టిందన్నది మొదట అర్థం చేసుకోవాలి. 1774లో రష్యా, ఒట్టోమన్ సామ్రాజ్యాల మధ్య కుదిరిన కుచుక్ కైనార్జా సంధి తరువాత గ్రీకు ఓడలు రష్యా జెండా ఎగరేసుకుని నల్లసముద్రంలో తిరగగలిగాయి. 1794లో రష్యా కట్టిన ఒడెస్సా రేవు గోధుమల ఎగుమతితో పెరిగింది, దానితోపాటు అక్కడి గ్రీకు వర్తకులూ పెరిగారు. నెపోలియన్ యుద్ధాల కాలంలో లాభాలు బాగా వచ్చాయి, యుద్ధాలు ముగిశాక వ్యాపారం దెబ్బతిన్నది. ఇటువంటి వాతావరణంలో నికొలావోస్ స్కూఫాస్, ఎమ్మనువిల్ క్సాంథోస్, అథనాసియోస్ త్సకాలోఫ్ అనే ముగ్గురు సంఘాన్ని స్థాపించారు. ముగ్గురూ వ్యాపార కుటుంబాలకో, వ్యాపార ఉద్యోగాలకో చెందినవారే కానీ పెద్ద షావుకార్లు కారు. పేర్లు తెలిసిన సభ్యుల్లో సగానికి పైగా వర్తకులే ఉన్నారు. రైతుల సంఖ్య చాలా తక్కువ.

వారికి ముందు రిగాస్ వెలెస్టిన్లిస్ ఉన్నాడు. వియన్నాలో 1797లో గ్రీసు మహాపటాన్నీ, విప్లవ ప్రకటననూ అచ్చు వేయించిన రిగాస్‌ను ఆస్ట్రియా అధికారులు త్రియెస్తెలో పట్టుకుని ఒట్టోమన్లకు అప్పగించారు, 1798లో బెల్‌గ్రేడులో సహచరులతోపాటు ఆయనను చంపేశారు. ఆయన కలగన్నది మతభేదం, భాషాభేదం లేకుండా బాల్కన్ ప్రజలందరికీ చోటున్న గణతంత్ర రాజ్యం. తరువాత వచ్చిన సంఘాలన్నీ ఆయన బొమ్మను పెట్టుకున్నాయి కానీ ఆ కలను పక్కన పెట్టాయి. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇదే.

ఫిలికీ ఎటేరియా పనితీరు ఆనాటి ఫ్రీమేసన్ సంఘాలనూ, ఇటలీలోని కార్బొనారీ అనే రహస్య సంఘాలనూ పోలి ఉండేది. చదువు రానివారికి "సోదరులు" అనే కింది మెట్టు, ఆ పైన "సిఫారసు పొందినవారు", ఇంకా పైన "పూజారులు", "కాపరులు" అనే మెట్లు ఉండేవి. చేరేవాడు ప్రమాణం చేయాలి, చందా కట్టాలి, మారుపేర్లతో, సంకేతలిపిలో ఉత్తరాలు నడపాలి. అన్నిటికీ పైన "అదృశ్య అధికారం" ఉందని చెప్పేవారు, అది ఎవరో చెప్పేవారు కాదు. వినేవారు మాత్రం అది రష్యా చక్రవర్తి అనో, ఆయన విదేశాంగ మంత్రి, కోర్ఫూ ద్వీపానికి చెందిన ఇయోనిస్ కపోడిస్త్రియాస్ అనో ఊహించుకునేవారు. ఆ ఊహను సంఘం ఏనాడూ ఖండించలేదు. నిజానికి ఆ అదృశ్య అధికారం వెనుక ఉన్నది అప్పులకు వెతుక్కునే కొద్దిమంది వర్తకులే.

ఈ అబద్ధమే సంఘానికి పెట్టుబడి. దానిని కాపాడుకోవడానికి వారు ఎంతదూరం వెళ్లారో ఒక ఉదంతం చెబుతుంది. దక్షిణ గ్రీసులోని పెలొపొనీస్ ద్వీపకల్పపు దక్షిణ కొసలోని మాని ప్రాంతపు నాయకుడు పెత్రోబే మావ్రోమిఖాలిస్, చేతులు కలిపే ముందు అసలు సంగతి తెలుసుకుందామని కిరియాకోస్ కమరినోస్ అనే దూతను కపోడిస్త్రియాస్ దగ్గరకు పంపాడు. ఈ సంఘంతో తనకు సంబంధం లేదని కపోడిస్త్రియాస్ స్పష్టంగా చెప్పాడు. ఆ సమాధానం మానికి చేరలేదు. దూతను తిరుగుదారిలో సంఘం వాళ్లే చంపించారు. అంతకుముందు నోరు అదుపులో లేని నికొలావోస్ గలాటిస్ అనే సభ్యుణ్ని కూడా 1819లో ఇలాగే తొలగించారు. ఇది చెప్పకుండా త్యాగమూర్తుల జాబితా మాత్రమే బోధిస్తే విద్యార్థికి సంఘం సగమే తెలుస్తుంది.

కపోడిస్త్రియాస్ నాయకత్వాన్ని రెండుసార్లు తిరస్కరించాక, 1820లో రష్యా సైన్యంలోని అధికారి అలెగ్జాండ్రోస్ ఇప్సిలాంటిస్ అంగీకరించాడు. 1813లో డ్రెస్డెన్ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నవాడు, చక్రవర్తి అంగరక్షక అధికారిగా పనిచేసినవాడు. 1821లో ప్రూత్ నది దాటి సుల్తాను ఏలుబడిలోని మోల్దావియాలో ప్రవేశించి, ఒక మహాశక్తి తమ వెనుక ఉందని అర్థం వచ్చే ప్రకటన విడుదల చేశాడు. ఆ సమయంలో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని లైబాఖ్‌లో ఐరోపా రాజుల సమావేశంలో ఉన్న చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ ఆ చర్యను బహిరంగంగా ఖండించాడు. దానితో అబద్ధం బయటపడింది. అక్కడి రుమేనియన్ రైతులకు గ్రీకు ప్రభువులంటేనే కోపం, ఎందుకంటే సుల్తాను తరఫున ఆ ప్రాంతాన్ని పాలించి పన్నులు పిండినది ఫనారియోట్ గ్రీకు కుటుంబాలే. రైతు తిరుగుబాటు నాయకుడు తుదోర్ వ్లాదిమిరెస్కుతో పొత్తు చెడి, చివరికి ఎటేరియా వాళ్లే అతణ్ని చంపారు. జూన్‌లో ద్రగత్సాని దగ్గర విద్యార్థులతో ఏర్పడిన "పవిత్ర దళం" తుడిచిపెట్టుకుపోయింది. ఇప్సిలాంటిస్ ఆస్ట్రియా చెరసాలలో ఏళ్లు గడిపి, విడుదలైన కొద్దికాలానికే 1828లో వియన్నాలో మరణించాడు.

అయితే తిరుగుబాటు మరి ఎలా నిలిచింది? అది నిలిచింది ఉత్తరాన కాదు, దక్షిణాన పెలొపొనీస్‌లో. నేటి వాయవ్య గ్రీసులోని యానినాను సుల్తాను తరఫున ఏలుతున్న అలీ పాషా 1820లో సుల్తానును ధిక్కరించడంతో పెలొపొనీస్‌లోని ఒట్టోమన్ బలగంలో చాలా భాగం అటు వెళ్లింది. ఖాళీ కనిపించింది. పాపాఫ్లెసాస్ అనే మతాధికారి ఎటేరియా తరఫున ఊరూరా తిరిగి రష్యా సాయం వస్తున్నదని ఊదరగొట్టాడు, వెనకాడిన పెద్దలను ఇరుకున పెట్టాడు. 1821 మార్చిలో పెత్రోబే, థియోడోరోస్ కొలొకొట్రోనిస్‌ల దళాలు కలమాటాలో ప్రవేశించాయి. హైడ్రా, స్పెత్సెస్ ద్వీపాల ఓడల యజమానులు తమ నౌకలను యుద్ధానికి దింపారు. ఆ ద్వీపాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడింది గ్రీకు కాదు, అల్బేనియన్ మాండలికం. అప్పటికి "గ్రీకు" అనే మాటకు భాష కంటే ఆర్థడాక్స్ మతమే ప్రధానమైన గుర్తు.

రెండు వైపులా జరిగిన ఘోరాలను కూడా చెప్పాలి. కాన్‌స్టాంటినోపుల్‌లో ఆర్థడాక్స్ చర్చి అధిపతి, పాత్రియార్కు ఐదవ గ్రెగొరీని ఈస్టర్ పండుగ రోజున ఉరి తీశారు. 1822లో కియోస్ ద్వీపంలో ఒట్టోమన్ సైన్యం వేలాది మందిని చంపి, మిగిలిన వేలాది మందిని బానిసలుగా అమ్మింది. 1821 శరదృతువులో త్రిపొలిత్సా పట్టణం తమ చేతికి చిక్కినప్పుడు గ్రీకు దళాలు అక్కడి ముస్లింలనూ, యూదులనూ ఊచకోత కోశాయి. ఐరోపా చిత్రకారులు మొదటిదాన్నీ రెండవదాన్నీ గీశారు, మూడవదాన్ని చాలాకాలం ఎవరూ తలచుకోలేదు.

ఇక రెండవ ప్రశ్నకు వస్తాను. 1823 నుంచి 1825 వరకు విప్లవకారులు తమలో తాము రెండుసార్లు అంతర్యుద్ధం చేసుకున్నారు, లండన్ బ్యాంకుల నుంచి తెచ్చిన అప్పుల్లో చెప్పుకోదగ్గ భాగం ఆ పోరులోనే కరిగింది. 1825లో ఈజిప్టు నుంచి ఇబ్రహీం పాషా సేనలు దిగాయి, 1826లో గ్రీకుల చేతిలోని మెసొలొంఘి పట్టణం పడిపోయింది. ఆనాటికి తిరుగుబాటు దాదాపు ఓడిపోయినట్లే. 1827 అక్టోబర్ 20న నవరినో రేవులో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల నౌకాదళాలు ఒట్టోమన్, ఈజిప్టు నౌకలను ధ్వంసం చేశాక, 1828–29లో రష్యా సుల్తానుతో యుద్ధం చేశాక పరిస్థితి మారింది. 1830 ఫిబ్రవరిలో లండన్‌లో కుదిరిన ఒప్పందం గ్రీసును స్వతంత్ర రాజ్యంగా గుర్తించింది. అందువల్ల మీ సమాధానంలో రెండూ రాయండి: ఆరేళ్లు ఓర్చి పోరాడకపోతే జోక్యం చేసుకోవడానికి ఏమీ మిగిలేది కాదు, జోక్యం లేకపోతే పోరాటం ఫలించేది కాదు. "సంఘమే తెచ్చింది" అన్నా, "పెద్ద రాజ్యాలు దానం చేశాయి" అన్నా తప్పే. ఫిలికీ ఎటేరియా మాత్రం యుద్ధం మొదలైన కొద్దికాలానికే ఒక సంస్థగా ప్రాముఖ్యం కోల్పోయింది.

నేను నాఫ్ప్లియో పట్టణానికి వెళ్లినప్పుడు సెయింట్ స్పిరిడాన్ చర్చి గుమ్మం పక్కన గోడలో తుపాకీ గుండు గుర్తును అద్దం వెనుక భద్రపరచడం చూశాను. 1831లో కొత్త దేశపు పాలకుడిగా ఉన్న కపోడిస్త్రియాస్‌ను అక్కడే చంపారు. చంపినవారు పెత్రోబే తమ్ముడూ, కొడుకూ. పెత్రోబేను కపోడిస్త్రియాస్ జైల్లో పెట్టించినందుకు కక్ష అది. నిజం తెలుసుకుందామని దూతను పంపిన వంశమూ, నిజం చెప్పిన మనిషీ చివరికి అలా ఎదురుపడ్డారు.

కొత్త రాజ్యంలో ఉన్నది దాదాపు 8 లక్షల జనం. అంతకు రెండింతలకు పైగా గ్రీకులు బయటే ఉండిపోయారు. 1844లో రాజకీయ నాయకుడు ఇయోనిస్ కొలెట్టిస్ రాజ్యాంగసభలో మాట్లాడుతూ, ఈ చిన్న రాజ్యం గ్రీసులో ఒక తునక మాత్రమేననీ, యానినాలో, క్రీటులో, కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్నవాడూ గ్రీకేననీ వాదించాడు. దీనినే "మెగాలీ ఐడియా", అంటే మహా సంకల్పం అన్నారు. విమోచన ఏకీకరణగా మారిన మలుపు ఇదే.

ఏకీకరణలో తొలి విజయం ఆయుధంతో రాలేదు. బ్రిటిష్ రక్షణలో ఉన్న అయోనియన్ దీవుల్లో "రిజోస్పాస్తెస్" అనే సమూల సంస్కరణవాదులు పత్రికలు పెట్టి, క్లబ్బులు పెట్టి, చివరికి 1850లో దీవుల శాసనసభలోనే గ్రీసుతో విలీనం కోరుతూ తీర్మానం ప్రవేశపెట్టారు. వారి నాయకులు ఇలియాస్ జెర్వోస్, యోసిఫ్ మొంఫెర్రాటోస్‌లను ప్రవాసం పంపారు. 1862లో గ్రీసు రాజు ఒట్టో పదవి పోయి, బ్రిటన్‌కు ఇష్టుడైన మొదటి జార్జి రాజయ్యాక, 1864లో బ్రిటన్ ఆ దీవులను గ్రీసుకు అప్పగించింది. అక్కడ దాదాపు అందరూ గ్రీకులే కావడం, వదులుకోవడం బ్రిటన్‌కు బరువు కాకపోవడం కలిసి వచ్చాయి. ఈ ఉదాహరణను ఎవరూ జవాబుల్లో రాయరు. రాస్తే దిద్దేవారి కంట పడుతుంది.

ఎథ్నికీ ఎటేరియా దీనికి సరిగ్గా విరుద్ధం. 1893 చివర గ్రీసు అప్పులు తీర్చలేక దివాలా ప్రకటించింది. మరుసటి ఏడాది యువ సైనికాధికారులు ఈ "జాతీయ సంఘం" స్థాపించారు, తరువాత ప్రొఫెసర్లూ, వర్తకులూ చేరారు, చరిత్రకారుడు స్పిరిడాన్ లాంబ్రోస్ దాని ముఖ్యుల్లో ఒకడు. 1896లో ఏథెన్సులో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగాయి, అదే ఏడు క్రీటులో తిరుగుబాటు రేగింది. చందాలతో, పత్రికల హోరుతో సంఘం ప్రభుత్వాన్ని యుద్ధం వైపు నెట్టింది, 1897 వసంతంలో సాయుధ దళాలను సరిహద్దు దాటించి మాసిడోనియాలోకి పంపింది. ఫలితంగా వచ్చిన యుద్ధం దాదాపు ముప్పై రోజుల్లో ఘోర పరాజయంతో ముగిసింది. గ్రీసు 40 లక్షల టర్కిష్ పౌండ్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది, దేశపు ఆదాయంపై అంతర్జాతీయ ఆర్థిక నియంత్రణ సంఘం కూర్చుంది. విచిత్రమేమిటంటే, ఓడిపోయిన ఆ యుద్ధం తరువాతే పెద్ద రాజ్యాల ఒత్తిడితో క్రీటుకు 1898లో స్వయంప్రతిపత్తి లభించింది. పూర్తి విలీనానికి 1913 దాకా, అంటే బాల్కన్ యుద్ధాల దాకా ఆగవలసి వచ్చింది.

1904లో ఏథెన్సులో ఏర్పడిన మాసిడోనియా కమిటీ గురించి ఒక్క మాట చాలు. అక్కడ దాని ప్రధాన ప్రత్యర్థి సుల్తాను కంటే ఎక్కువగా, అదే భూమిని కోరుకున్న బల్గేరియన్ పక్షపు దళాలు. ఆ ఏడాది అక్టోబర్‌లో మరణించిన అధికారి పావ్లోస్ మెలాస్ జాతీయ వీరుడయ్యాడు, గ్రామాలు మాత్రం రెండు దళాల మధ్య నలిగాయి. మహా సంకల్పం 1922లో ఆసియా మైనర్‌లో కూలిపోయింది. 1923 లోజాన్ ఒడంబడిక ప్రకారం దాదాపు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీసుకు, 4 లక్షలకు దగ్గరగా ముస్లింలు టర్కీకి మారవలసి వచ్చింది.

ఎయోకా విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పరీక్షార్థులు ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే. "సైప్రస్ పోరాటయోధుల జాతీయ సంస్థ" అని దాని అర్థం. 1950 జనవరిలో చర్చి నిర్వహించిన ప్రజాభిప్రాయ సేకరణలో గ్రీకు సైప్రియట్లు 95.7 శాతం మంది "ఎనోసిస్", అంటే గ్రీసుతో విలీనం కోరారు. బ్రిటన్ పట్టించుకోలేదు. 1955 ఏప్రిల్ 1న బాంబు పేలుళ్లతో పోరాటం మొదలైంది. రాజకీయ నాయకుడు ఆర్చిబిషప్ మకారియోస్, సాయుధ నాయకుడు గ్రీకు సైన్యంలో కర్నలుగా పనిచేసిన యోర్గోస్ గ్రీవాస్. బైజాంటియన్ వీరగాథలోని యోధుడి పేరును తీసుకుని గ్రీవాస్ "దిగెనిస్" అని సంతకం చేసేవాడు. 1956 మార్చిలో మకారియోస్‌ను సీషెల్స్ దీవులకు పంపేశారు, 1956–57లో తొమ్మిది మంది యువకులను ఉరి తీశారు. నికోసియా జైలు ఆవరణలోనే వారిని పాతిపెట్టారు. నా కుమార్తె ఉద్యోగరీత్యా ఆ నగరంలో ఉన్నప్పుడు నేను ఆ సమాధులను చూశాను. చాలామంది వయసు ఇరవై ఏళ్ల చుట్టూ ఉంది.

గమనించవలసింది: ఎయోకా కోరింది సైప్రస్ స్వాతంత్ర్యం కాదు, గ్రీసుతో విలీనం. ద్వీప జనాభాలో దాదాపు 18 శాతం టర్కిష్ సైప్రియట్లు. బ్రిటిష్ వారు పోలీసు సహాయక దళంలోకి ఎక్కువగా వారినే తీసుకున్నారు, ఎయోకా పోలీసులపై దాడి చేసినప్పుడల్లా అది రెండు జాతుల పోరుగా మారింది. టర్కిష్ సైప్రియట్లలో "టీఎంటీ" అనే ప్రత్యర్థి సాయుధ సంస్థ పుట్టి విభజన కోరింది. తన విధానాన్ని వ్యతిరేకించిన గ్రీకు వామపక్షీయులను కూడా ఎయోకా ద్రోహులుగా ముద్రవేసి చంపింది. చివరికి 1959 జ్యూరిక్, లండన్ ఒప్పందాలతో 1960లో వచ్చినది విలీనాన్నీ విభజననూ రెంటినీ నిషేధించిన స్వతంత్ర గణతంత్రం. ఇరుపక్షాల సాయుధులూ కోరనిది అదే.

మూడేళ్లకే కొట్లాటలు రేగి ఐక్యరాజ్య సమితి శాంతిసేన దిగింది. మనకు ఇక్కడ నిజమైన సంబంధం ఒకటి ఉంది: ఆ సేనకు తొలి కమాండరు జనరల్ ప్రేమ్‌సింగ్ జ్ఞానీ, తరువాతి కమాండరు జనరల్ తిమ్మయ్య. తిమ్మయ్య 1965 డిసెంబర్‌లో సైప్రస్‌లోనే విధి నిర్వహణలో మరణించారు.

ఎయోకానూ, ఎయోకా-బీనీ కలిపి రాయకండి. రెండవది 1971లో గ్రీవాస్ రహస్యంగా తిరిగి వచ్చి పెట్టినది, దాని గురి బ్రిటన్ కాదు, విలీనాన్ని పక్కన పెట్టిన పాత సహచరుడు మకారియోసే. గ్రీవాస్ 1974 జనవరిలో మరణించాడు. ఆ జులై 15న ఏథెన్సు సైనిక ప్రభుత్వం అండతో మకారియోస్‌పై తిరుగుబాటు జరిగింది, జులై 20న టర్కీ సైన్యం దిగింది. ద్వీపంలో మూడోవంతుకు పైగా భూమి నేటికీ ఆ సైన్యం ఆగిన గీతకు అవతల ఉంది. నికోసియాలోని లెద్రా వీధిలో పాస్‌పోర్టు చూపి ఆ గీత దాటినప్పుడు, దుకాణాల వరుస మధ్యలో ఇసుక బస్తాలూ, పాడుబడ్డ ఇళ్లూ కనిపించాయి.

చివరిగా తేదీల సంగతి. గ్రీసు 1923 దాకా జూలియన్ పంచాంగం వాడింది, అది పందొమ్మిదవ శతాబ్దంలో మన క్యాలెండరు కంటే 12 రోజులు వెనుక ఉండేది. అందువల్ల ఇప్సిలాంటిస్ ప్రూత్ దాటిన పాత ఫిబ్రవరి 22, కొత్త మార్చి 6 ఒకే రోజు. జాతీయ దినోత్సవాన్ని మాత్రం గ్రీకులు మార్చకుండా పాత అంకెతోనే మార్చి 25న జరుపుకుంటున్నారు, అది మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజు కూడా. నవరినో వంటి యుద్ధాలకు మన పుస్తకాలు కొత్త తేదీలే ఇస్తాయి. పరీక్షలో ఏదో ఒక పద్ధతినే చివరిదాకా పాటించి, మార్చి 25 దగ్గర మాత్రం బ్రాకెట్లో "పాత పంచాంగం" అని రాస్తే సరిపోతుంది.